గోదావరి తీరపు రాతి సిలువలు: అవి ఎవరివి?

తెలుగు దేశములో క్రైస్తవ్యము ఎప్పుడు ప్రవేశించినది అను చర్చ వచ్చినప్పుడు మన సంఘములలో ఒక మాట తరచుగా వినబడుచుండును. గోదావరి అడవులలో వేల సంవత్సరాల నాటి రాతి సిలువలు ఉన్నవనియు, అవి అపొస్తలుల కాలమునుండియే ఇక్కడ విశ్వాసులు ఉండిరనుటకు సాక్ష్యమనియు ఆ మాట. కొందరు దానిని సువార్త మహాసభలలో కూడ చెప్పుదురు. ఇది ఎంతవరకు నిలుచునో పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. నిలువదు అని నా అభిప్రాయము. అయితే ఆ రాళ్ళు మనకు అక్కరలేనివని మాత్రము నేననను. ఎందుకనలేనో చెప్పుటకే ఈ నాలుగు పేజీలు.

ఈ విషయమును నా యెదుటికి తెచ్చినది పండితులు కారు. నేను పరిచర్య చేయు అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములో కంప్యూటర్ కోర్సుల కొరకు వచ్చి హాస్టళ్ళలో ఉండు యువకులు వేలాదిమంది ఉన్నారు. మైత్రీవనం చుట్టుప్రక్కల సందులలో ఒక గదికి నలుగురైదుగురు చొప్పున ఉండి, ఆదివారము ఆరాధనకు వచ్చేవారు మా సంఘములోనూ కొందరున్నారు. వారిలో ములుగు వైపునుండి వచ్చిన ఒక తమ్ముడు, “అయ్యగారూ, మా ఊరి పక్క గుట్టమీద రాకాసి గుళ్ళున్నాయి. ఆ అడవిలోనే సిలువరాళ్ళు కూడ ఉన్నాయంటారు. అవి మనవేనా?” అని అడిగాడు. మంచి ప్రశ్న. ‘మనవి’ అను మాట మీదనే కథ అంతా ఉన్నది.

రాతికి పేరు పెట్టుట

మొదట ఈ కట్టడములు ఏమిటో చెప్పుకొందము. పురావస్తు శాస్త్రజ్ఞులు వీటిని బృహత్ శిలా సమాధులు అంటారు. పెద్ద రాతిగుండ్లను వలయముగా పేర్చి నడుమ రాళ్ళకుప్ప పోసినవి కొన్ని. భూమిలో నాలుగు పలకలతో పెట్టెవలె గది చేసి పైన మూతరాయి కప్పినవి కొన్ని. అదే గదిని భూమిపైన కట్టినవి డోల్మెన్లు. ఒంటరిగా నిలిపిన పొడవాటి రాళ్ళు మెన్‌హిర్లు, మన వాడుకలో నిలువురాళ్ళు. దక్షిణ భారతములో ఇవి ఎక్కువగా ఇనుప యుగమునకు చెందినవి; స్థూలముగా క్రీ.పూ. మొదటి సహస్రాబ్దివి, కొన్ని అంతకు ముందువి కూడ. లోపల ఎముకలతోపాటు నలుపు-ఎరుపు రంగుల కుండలు, ఇనుప కత్తులు, గొడ్డళ్ళు, పూసలు దొరుకుచున్నవి. చాలచోట్ల శవమును నేరుగా పాతిపెట్టలేదు. మాంసము పోయిన తరువాత ఎముకలను ఏరి తెచ్చి గదిలో ఉంచినట్లు కనబడుచున్నది.

ఇవి ఎక్కడో అడవులలో మాత్రమే ఉన్నవనుకొనుట పొరపాటు. హైదరాబాదు నగరము వీటి మధ్యనే పెరిగినది. మౌలాలి వద్ద, రాయగిరి వద్ద సమాధులను నిజాము రైల్వే వైద్యాధికారి మేజర్ ఇ.హెచ్. హంట్ త్రవ్వి చూచి 1924లో వ్యాసము ప్రకటించారు. 1914లో ఏర్పడిన నిజాము పురావస్తు శాఖకు మొదటి అధిపతియైన గులాం యజ్దానీ ఈ సమాధులలోని కుండలపై గీసిన గుర్తులను గూర్చి 1917లోనే వ్రాశారు. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణములోను బృహత్ శిలా యుగపు అవశేషములు బయటపడినవి. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో రాష్ట్ర పురావస్తు శాఖ త్రవ్వినప్పుడు నలభై టన్నులకు పైగా బరువున్న మూతరాయిని క్రేనుతో ఎత్తవలసివచ్చినది. మూడు వేల సంవత్సరాల క్రితము దానిని అక్కడ పెట్టినవారికి క్రేను లేదు.

ఈ కట్టడములను కట్టినవారు వ్రాత విడిచిపెట్టలేదు. కాబట్టి తరువాత వచ్చిన ప్రతివారు తమకు తెలిసిన పేరు పెట్టారు. మనుష్యులు ఎత్తలేనంత రాళ్ళు గనుక రాక్షసులు కట్టారని తెలంగాణ పల్లెలలో ‘రాకాసి గుళ్ళు’ అన్నారు. వనవాసములో పాండవులు కట్టుకొన్నారని మరికొన్నిచోట్ల ‘పాండవ గుళ్ళు’ అన్నారు. నారాయణపేట జిల్లా ముడుమాలలో కృష్ణానది ఒడ్డున పది, పన్నెండు, పదునాలుగు అడుగుల నిలువురాళ్ళు దాదాపు ఎనభై ఉన్నవి; 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినవి. అందులో ఒక రాతిని ఊరివారు ఎల్లమ్మగా కొలుచుచున్నారు. మేడోస్ టేలర్ సురపురము సంస్థానములో వీటిని త్రవ్వి 1860లలో ప్రకటించిన వ్యాసమునకు పెట్టిన శీర్షికలోనే సెల్టిక్, డ్రూయిడ్, సిథియన్ అను మూడు పేర్లున్నవి. తన ద్వీపములో చూచినవాటినే ఆయన దక్కనులోనూ చూచాడు.

సమాధులు లేని రాతి విషయములోనూ ఇదే జరుగును. మౌలాలి గుట్టపై హజ్రత్ అలీ అరచేతి గుర్తు ఉన్నదను నమ్మకము ఇబ్రహీం కుతుబ్‌షా కాలములో, 1578 ప్రాంతమున, యాకూత్ అను ఆస్థాన సేవకుని స్వప్నముతో మొదలైనదని చెప్పుదురు. మన పంజాగుట్ట పేరులోనే అరచేయి అను అర్థముగల పారసీక పదము ‘పంజా’, తెలుగు ‘గుట్ట’ కలిసియున్నవి. ఫ్లైఓవరు క్రింద సిగ్నలు దగ్గర నిలబడి ఈ పేరును గూర్చి ఆలోచించువారు ఎవరుందురు! ఒక సమాజము తన భక్తిని ఒక రాతిమీద చదువుకొనుట తప్పని నేను చెప్పుట లేదు. అది చరిత్ర సాక్ష్యము అన్నప్పుడు మాత్రము పరీక్షకు నిలువవలెను.

దామరవాయి గుట్ట

ఆ తమ్ముడు సెలవులకు ఊరికి పోవునప్పుడు మేము ముగ్గురము అతనితో బయలుదేరితిమి. హైదరాబాదునుండి వరంగల్, ములుగు మీదుగా తాడ్వాయి సుమారు 240 కి.మీ. ఈ దారిన రామప్ప గుడికి పోవువారు లక్షలాదిమంది. రెండేండ్లకొకసారి మేడారము జాతరకు పోవువారు అంతకంటె అనేక రెట్లు. తాడ్వాయి మండలములోనే దామరవాయి గుట్ట ఉన్నదని వారిలో ఎందరికి తెలియునో చెప్పలేను.

ఊరు దాటిన తరువాత నడక. డిసెంబరు నెల గనుక ఎండ బాధించలేదు. టేకు ఆకులు రాలి దారి అంతా చప్పుడు చేయుచుండెను. మాకు దారి చూపిన కోయ పెద్దాయన చేతిలో గొడ్డలి తప్ప ఏమీ లేదు. మేము నలుగురము మాత్రము సీసాలు, సంచులు, కెమెరాతో ఆయాసపడుచు పోయితిమి. గుట్ట ఎక్కగానే మొదటి గది కనబడినది. తరువాత చెట్ల మధ్య ఇంకొకటి, దాని ప్రక్క ఇంకొకటి. వందకు పైగా ఉన్నవి. నిలువుగా పాతిన ఇసుకరాతి పలకలు గోడలు. వాటిపైన ఒకే పెద్ద పలక కప్పు. గోడలకు బయటకు చూరువలె వచ్చియున్నది. కొన్నింటిలోనికి వంగి చూచితే లోపల రాతిని తొలిచి చేసిన తొట్టి ఉన్నది, చనిపోయినవారిని ఉంచుటకు. చాలవాటిలో నేల త్రవ్వబడి ఉన్నది. నిధుల కొరకు త్రవ్వినవారి పని అది. కొన్ని కప్పులు జారి ప్రక్కకు ఒరిగినవి.

ఇక్కడ ఒక విషయము గమనింపదగినది. హైదరాబాదు చుట్టు ఉన్నది నల్లరాయి. దానిని పలకలుగా తీయుట కష్టము గనుక ఇక్కడ గుండ్ల వలయములు ఎక్కువ. గోదావరి లోయలోనిది ఇసుకరాయి. పొరలు పొరలుగా లేచును. ఆ రాయి ఉన్నందుననే భూమిపైన ఇండ్లవంటి సమాధులు కట్టగలిగిరి, రాతిని మనిషంత ఎత్తున కోసి నిలుపగలిగిరి. ‘సిలువలు’ కూడ ఈ ప్రాంతములోనే దొరుకుటకు మొదటి కారణము రాయి. మతమునకు పోకముందు రాతిని అడుగవలెను.

పెద్దాయనను, “ఇవి మీ పెద్దల సమాధులేనా, పెద్దయ్యా?” అని అడిగితిని. ఆయన కొంచెముసేపు ఆగి, “మావోళ్ళయి కావు సారూ. మాకంటే ముందటోళ్ళయి. మేం ముట్టం” అన్నాడు. ఏ పేరూ పెట్టకుండ ఆగిన మనిషి నాకు ఆయన ఒక్కడే కనబడినాడు.

ఫెర్గుసన్ వాదము

ఇక సిలువల సంగతి. 1860లలో సర్వే శాఖలో పనిచేసిన జె. ముల్హెరన్ అను అధికారి ఈ అడవులలో తిరుగుచు డోల్మెన్లను, వాటి సమీపములో నిలిపిన సిలువ ఆకారపు రాళ్ళను చూచి వర్ణించాడు. ఆయన చెప్పిన కాటాపూర్, మల్లూరు ఊళ్ళు నేటి ములుగు జిల్లాలో ఉన్నవి. కాటాపూర్ అదే తాడ్వాయి మండలములోనిది. ఆ వర్ణనను తీసికొని జేమ్స్ ఫెర్గుసన్ 1872లో లండనులో అచ్చువేసిన తన బృహత్ శిలా కట్టడముల గ్రంథములో బొమ్మతో సహా చేర్చాడు. అవి క్రైస్తవ సిలువలే అని ఆయన పక్షము. మన సభలలో వినబడు మాటకు మూలము వెదకుచు పోతే చివరకు అక్కడికే చేరుదుము.

ఫెర్గుసన్‌కు ఆ సిలువలు ఎందుకు కావలసివచ్చినవి? ఆయన మిషనెరీ కాడు, వాస్తుకళా చరిత్రకారుడు. ఐరోపాలో గాని ఇండియాలో గాని ఈ మోటు రాతి కట్టడములు అంత ప్రాచీనమైనవి కావనియు, రోమీయుల కాలము తరువాతివనియు నిరూపించుట ఆ గ్రంథము పట్టుదల. డోల్మెను ప్రక్కన క్రైస్తవ సిలువ ఉన్నట్లయితే ఆ డోల్మెను క్రీస్తు తరువాతిదని తేలును. అనగా ఆయన సిలువ సాక్ష్యముతో డోల్మెన్ల వయస్సు తగ్గింపబోయాడు. మనవారు అదే సిలువతో క్రైస్తవ్యపు వయస్సు పెంచబోవుచున్నారు. రాయి ఒక్కటే, అవసరములు రెండు. తరువాతి శతాబ్దములో జరిగిన త్రవ్వకములు, కార్బన్ పరీక్షలు ఫెర్గుసన్ కాలనిర్ణయమును పూర్తిగా త్రోసివేసినవి. ఆయన కట్టిన ఇల్లు కూలిపోయినది గాని, అందులోని ఒక దూలమును మనము ఇంకను మోయుచున్నాము.

ఆకారము ఏమి చెప్పుచున్నది

ఈ రాళ్ళను ఇటీవలి కాలములో శ్రద్ధగా పరిశీలించినవారు హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక ప్రాంతములో జానంపేట సమీపమున దొంగతోగు అను వాగు ఒడ్డున డోల్మెన్లతోపాటు ఇట్టి రాళ్ళున్నవి. అవి సిలువలు కావు, మానవాకృతులు అని ఆయన వివరించారు. పైన తల, ప్రక్కలకు పొట్టి చేతులు లేక భుజములు, క్రిందికి మొండెము. కొన్నింటిపై స్తనములు స్పష్టముగా మలచబడియున్నవి. ఆ ఒక్క వివరముతో వాదము ముగిసినట్లే. సిలువకు స్తనములుండవు. అది ఒక స్త్రీ ప్రతిమ. బహుశ ఆ సమాధిలో ఉన్న తల్లిదో, ఆ మృతులను కాయు మాతృదేవతదో.

ఇది తెలుగు దేశమునకు మాత్రమే ప్రత్యేకము కాదు. తమిళనాడులో ఉడైయార్‌నత్తం, మోట్టూరు అను చోట్ల శిలావలయముల మధ్య భుజములు చాచిన మానవాకారపు పలకలు నిలిచియున్నవి. వాటిని ఎవరూ సిలువ అనలేదు, ఎందుకనగా అక్కడ భుజములు గుండ్రముగా వంపు తిరిగియున్నవి. గోదావరి రాళ్ళలో చేతులు అడ్డముగా ఉండుటవలన కన్ను మోసపోయినది.

రెండవ వైపునుండియు చూడవచ్చును. భారతదేశములో నిజముగా ప్రాచీనమైన సిలువలు మనకు తెలియును. చెన్నై పరంగిమలై మీద 1547లో పోర్చుగీసువారికి దొరికినది, కొట్టాయం వలియపల్లిలోనివి, ముట్టుచిర, కడమట్టంలలోనివి, 2001లో గోవా అగసైంలో బయటపడినది. ఇవి రాతిపలకపై ఉబ్బెత్తుగా చెక్కిన సిలువలు. కొనలు మొగ్గలవలె విచ్చుకొనియుండును, క్రింద మెట్లో తామర రేకులో ఉండును, చుట్టు పహ్లవీ లిపిలో శాసనముండును. శ్రీలంక అనురాధపురములో 1912లో దొరికిన సిలువపై వ్రాత లేకున్నను పోలిక అదే. ఇవి పర్షియా సంఘముతో సంబంధముగలవారి పని. పండితులు సాధారణముగా ఏడవ, తొమ్మిదవ శతాబ్దముల మధ్య ఉంచుదురు. ఆరవ శతాబ్దములో కాస్మాస్ తన గ్రంథములో క్రైస్తవులున్నారని చెప్పిన తప్రొబానె, మలె, కల్లియాన అనునవి సింహళము, మలబారు, పడమటి తీరము. గోదావరి అడవి అందులో లేదు. దొంగతోగు రాళ్ళలో శాసనము లేదు, మెట్లు లేవు, తామర లేదు. చుట్టు ఉన్నది ఇనుప యుగపు శ్మశానము.

మనకెందుకు ఇంత ఆశ

ఈ సాక్ష్యము ఇంత స్పష్టముగా ఉన్నను ఆ మాట ఎందుకు ఆగుట లేదు? దీనికి కారణము సులభముగానే తెలియును. మీది దొరల మతము, నిన్న మొన్న వచ్చినది అని మన పిల్లలు కళాశాలలో, కార్యాలయములో వినుచున్నారు. అట్టి మాట విన్నవానికి మూడు వేల సంవత్సరాల రాయి ఒకటి చేతికిచ్చినట్లయితే ధైర్యముగా ఉండును. ఆ బాధ నిజమైనది. నేను దానిని తేలికగా తీసికొనుట లేదు. కాని అప్పు తెచ్చుకొన్న రాయి అడిగిన దినమున తిరిగి ఇచ్చివేయవలసియుండును. ఇంజనీరింగు చదివిన యువకుడు ఒక సాయంత్రము పుస్తకము తెరచి చూచి, ఇది అబద్ధమని తెలిసికొన్నచో, పులిపీఠమునుండి విన్న మిగిలిన మాటలను కూడ అదే త్రాసులో వేయును.

మనకు పత్రములతో నిలుచు చరిత్ర ఉన్నది. 1598లో జెస్యూట్లు చంద్రగిరిలో వేంకటపతిరాయల ఆస్థానమునకు వచ్చారు. 1805లో లండన్ మిషను వారైన క్రాన్, డెస్ గ్రాంజస్ విశాఖపట్నములో దిగారు. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో, 1841లో నోబుల్, ఫాక్స్ మచిలీపట్నములో పని ప్రారంభించారు. ఇక ఈ రాళ్ళున్న అడవికే వస్తే, గోదావరి నౌకామార్గపు పనులు చూచుచుండిన ఇంజనీరు హెయిగ్ ప్రేరణతో 1860 ప్రాంతమున దుమ్ముగూడెములో కోయల మధ్య చర్చి మిషనెరీ సొసైటీ పరిచర్య మొదలైనది. ముల్హెరన్ సిలువలను చూచినది ఆ దశాబ్దములోనే. తరువాత అక్కడ దీర్ఘకాలము పనిచేసిన జాన్ కెయిన్ కోయ భాషను నేర్చి, భద్రాచలము, రేకపల్లి తాలూకాల ప్రజలను, వారి ఆచారములను గూర్చి 1870లలో ఇండియన్ ఆంటిక్వరీలో వ్రాశాడు. ఆ వ్యాసములను చదివిన మన సెమినరీ విద్యార్థులు ఎందరున్నారో? దుమ్ముగూడెము మన చరిత్ర. అందులో నూట అరువది ఏండ్ల పేర్లు, సమాధులు, రిజిస్టర్లు ఉన్నవి. దానిని వదలి ప్రక్క వాగులోని రాతి వెంట పడుట నాకు వింతగా తోచును.

ఇంకొక నష్టము కూడ ఉన్నది. బస్తరు ప్రాంతపు మరియా గోండులు చనిపోయినవారి జ్ఞాపకముగా ‘ఉరస్కల్’ అను నిలువురాళ్ళను ఇరువదవ శతాబ్దములో కూడ నిలిపారు. గ్రిగ్సన్ 1938లో, వెరియర్ ఎల్విన్ ఆ తరువాత వాటిని వివరించారు. చనిపోయినవారికి రాయి నిలుపు ఆచారము ఆ అడవిలో అట్లు బ్రదికియుండగా, గోదావరి రాతిపై మన ముద్ర వేసినచో ఎవరి తల్లి ప్రతిమనో తీసికొని మన గుర్తు చేసికొన్నట్లగును. మన స్మశానములకు స్థలము దొరకక మనము పడు బాధలు తెలిసినవారమై ఈ పని చేయరాదు.

గలేదు

పాత నిబంధన చదువరికి ఈ రాళ్ళు కొత్తవి కావు. యాకోబు బేతేలులో నిలిపిన రాయి (ఆది. 28), రాహేలు సమాధిమీది స్తంభము (ఆది. 35), సీనాయి క్రింద మోషే నిలిపిన పన్నెండు స్తంభములు (నిర్గమ. 24), ఆకానుమీదను హాయి రాజుమీదను వేసిన రాళ్ళకుప్పలు (యెహోషువ 7, 8), అబ్షాలోముపై వేసిన పెద్ద కుప్పయు అతడు బ్రదికియుండగానే తనకొరకు నిలుపుకొన్న స్తంభమును (2 సమూ. 18). హెబ్రీలో స్తంభమునకు ‘మస్సేబా’ అని, కుప్పకు ‘గల్’ అని పేర్లు. దామరవాయిలోను మౌలాలిలోను మనము చూచునవి ఈ రెండే. ద్వితీయోపదేశకాండము 16లో మస్సేబాను నిలుపకూడదని ఆజ్ఞ ఉండగా, యెషయా 19లో ఐగుప్తు సరిహద్దున యెహోవాకు మస్సేబా ఉండునను ప్రవచనమున్నది. అనగా ఇశ్రాయేలులోనే ఒకే రకపు రాయి ఒకచోట భక్తి, ఒకచోట విగ్రహారాధన, ఒకచోట కేవలము జ్ఞాపకము. రాయిని చూచి మతము చెప్పుట అంత సులభము కాదు.

గెజెరులో 1902 మొదలు త్రవ్విన మకలిస్టరు అక్కడి పది నిలువురాళ్ళను, సమీపములో కుండలలో దొరికిన శిశువుల ఎముకలను కలిపి చూచి, కనానీయుల నరబలి స్థలమని వ్రాశాడు. ప్రసంగములకు అది చాల ఉపయోగపడినది. తరువాతి పరిశోధకులు దానిని అంగీకరించలేదు. పిల్లలను కుండలలో పాతిపెట్టుట ఆ కాలపు సాధారణ ఖననమే. బైబిలు దేశములోనే ఇట్టిది జరిగినప్పుడు గోదావరి సంగతి చెప్పనేల?

నాకు వీటన్నిటికంటె ఆదికాండము 31లోని కుప్ప ఎక్కువ సహాయపడుచున్నది. లాబాను, యాకోబు ఒకే కుప్ప దగ్గర కూర్చుండి భోజనము చేయుదురు. ఆ కుప్పకు లాబాను తన అరామిక భాషలో యగర్ శాహదూతా అని, యాకోబు హెబ్రీలో గలేదు అని పేర్లు పెట్టుదురు. వ్యాఖ్యాతలు రెంటికిని ఒకే అర్థము, సాక్ష్యపు కుప్ప అని, చెప్పి ముందుకు పోవుదురు. గ్రంథకర్త మాత్రము లాబాను పేరును చెరిపివేయలేదు. రెండును వ్రాసి ఉంచాడు.

చూడగోరువారు మొదట అంత దూరము పోనక్కరలేదు. అమీర్‌పేటనుండి నాలుగైదు మైళ్ళలో, పాత బోయినపల్లి దాటిన తరువాత హస్మత్‌పేటలో రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత స్థలముగా ప్రకటించిన శిలావలయ సమాధులు ఉన్నవి. చుట్టు ఇండ్లు వచ్చినవి; ఎక్కడ సమాధి ముగిసి ఎక్కడ కాలనీ మొదలైనదో చెప్పుట కష్టము. ఉదయమే పోవుట మంచిది. తరువాత కాలేజీకి సెలవున్నప్పుడు మౌలాలి, ఆ తరువాత తాడ్వాయి. తాడ్వాయికి పోవునప్పుడు మాత్రము ఊరి పెద్దను వెంటబెట్టుకొని పోవలెను. ఆయన ముట్టనిదానిని మనమును ముట్టరాదు.